గడియారం లేని పెన్‌డ్రైవ్

చచ్చినవాళ్లు అబద్ధం చెప్పరంటారు. చచ్చినవాళ్ల పేరు పెట్టి బతికున్నవాళ్లు ఎన్ని చెప్పినా అడిగే దిక్కు ఉండదు. నా సంపాదనంతా ఆ రెండో రకం అబద్ధాల మీదే.

ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు ఇన్‌స్పెక్టర్ ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి బల్ల మీద పడేశాడు. అందులో నల్లటి పెన్‌డ్రైవ్ ఒకటి ఉంది.

"ఇదిగో నీ పేషెంటు. పోయి రెండు రోజులైంది. కోర్టు చెప్పింది కాబట్టి ఇస్తున్నా. సాయంత్రం ఐదింటికి చచ్చిన పిల్ల అక్కగార్ని మెజిస్ట్రేటు ముందు పెడుతున్నా. ఈలోపు దీనికి ప్రాణం పోస్తావో, పాతిపెడతావో నీ ఇష్టం."

"మీ నిపుణుడు చూశాడా?"

"చూశాడు. పాడైపోయిందన్నాడు. అందులో మాకు కావాల్సిన చీటీ ఒకటి దొరికింది. మిగతా చెత్తతో మాకేం పని?"

నేను పదిహేనేళ్లు కంప్యూటర్లు బాగుచేసి బతికాను. ఆ తర్వాత వాటిలో దాచిన పాపాలు తవ్వి బతుకుతున్నాను. పోలీసులకు నా పేరుతో పని లేదు, స్క్రూడ్రైవర్ అంటారు. ఈ ఇన్‌స్పెక్టర్‌కు నేనంటే పంటి కింద రాయి. ఆయన మూసేసిన కేసులు రెండు నేను మళ్లీ తెరిపించాను. అది ఆయన మరచిపోలేదు, నేను మరచిపోనివ్వలేదు.

కేసు చెప్పుకోవడానికి చిన్నది. ఒక ప్రెస్సులో టైపు చేసే అమ్మాయి మొన్న ఎనిమిది నలభైకి తను అద్దెకుండే ఇంటి వెనక మెట్ల కింద శవమై దొరికింది. తల పగిలింది, వెన్నెముక విరిగింది. ఇంట్లో వెనక గదిలో కంప్యూటర్‌కు ఈ పెన్‌డ్రైవ్ తగిలించి ఉంది. అందులో ఆరూ ఇరవై ఐదుకు దాచిన చీటీ ఒకటుంది. 'అక్క పెట్టే బాధ పడలేకపోతున్నాను. ఈ రోజు పొద్దున కూడా చెంప మీద కొట్టింది. నాకేమైనా అయితే అందుకు అక్కే కారణం.'

ఆ అక్క ఆసుపత్రిలో నర్సు. ఏడూ పదికి ఇంటికొచ్చింది. ఇంట్లో ఉండేది ఇద్దరే. డాక్టరు లెక్క ప్రకారం దెబ్బలు తగిలింది ఆరున్నర, ఏడున్నర మధ్య, ప్రాణం పోయింది ఏడూ ముప్పావు ప్రాంతంలో. అంటే దెబ్బ తగిలాక కనీసం కొంతసేపు బతికుంది. ఇన్‌స్పెక్టర్ కథ ఏమిటంటే, చెల్లెలు భయపడి చీటీ రాసి పెట్టుకుంది, అక్క వచ్చాక గొడవైంది, అక్క తోసింది, తోసి చావు చూస్తూ కూర్చుంది. రాసుకున్న కథ బాగానే ఉంది. అందుకే నాకు నచ్చలేదు.

పెన్‌డ్రైవ్ సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. కొందరు అందులో ఫైళ్లు మాత్రమే దాచుకుంటారు. ఈ అమ్మాయి మొత్తం సిస్టమ్‌నే అందులో పెట్టుకుంది. ఏ కంప్యూటర్‌కు తగిలించినా ఆ కంప్యూటర్‌లో ఉన్నదాన్ని ముట్టుకోకుండా, తన సిస్టమ్ తెచ్చుకుని పని చేసుకుని, మళ్లీ జేబులో వేసుకుని పోవచ్చు. సొంత మంచం మోసుకు తిరిగే అద్దెవాడిలా అన్నమాట.

స్టేషను కంప్యూటర్‌కు తగిలించాను. దాన్ని పట్టించుకోకుండా స్టేషను సిస్టమే లేచింది.

"చెప్పానుగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మీ మెషీన్‌కు తన కడుపులో డిస్కు తప్ప వేరే దిక్కుందని తెలియదు. చెప్పాలి." సెట్టింగుల్లోకి వెళ్లి ముందు బయటి డ్రైవ్ చూడమని మార్చాను. ఈసారి పెన్‌డ్రైవ్ దీపం వెలిగింది, తెర నల్లబడింది, మూలన తెల్లటి గీత ఒకటి కొట్టుకుంటూ నిలబడిపోయింది. ముందువైపు రంధ్రంలోంచి తీసి వెనకవైపు దానికి మార్చాను. ముందువాటికి ఒక్కోసారి కరెంటు చాలదు. అప్పుడు నాలుగు వరుసలు కనబడ్డాయి. నాలుగో వరుస చదివి నేను చేతులు వెనక్కి తీసుకున్నాను.

"ఏమైంది?"

"ఇది పాడవలేదు. దీన్ని నడుస్తుండగా పీకేశారు. పొయ్యి మీద పాలు పెట్టి ఇంట్లోవాళ్లు పారిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది లోపల. మూసేటప్పుడు సర్దుకోవాల్సినవి సర్దుకోలేదు, అందుకని మళ్లీ తెరవడానికి మొరాయిస్తోంది."

"అయితే ఏంటి? చావబోయేది పద్ధతిగా మూసి పోతుందా?"

"ఆ అమ్మాయి రోజూ దీని మీదే బతికింది. ఇలా పీకితే ఇది చస్తుందని ఆ అమ్మాయికి తెలుసు. చావబోతూ రాసిన చీటీ పోవాలనుకుంటుందా, ఉండాలనుకుంటుందా?"

ఆయన టీ తెమ్మని కేకేశాడు. ఒక్క టీ.

ఇక అసలుదాన్ని నడపలేదు. దాని నకలు ఇంకో డ్రైవ్‌లోకి తీశాను, నలభై నిమిషాలు పట్టింది. అసలుది ఆయన ఎదుటే కవరులో పెట్టి సీలు వేయించాను. బాగుచేయడం నకలు మీద మొదలుపెట్టాను. సగం రాసి వదిలేసినవి ఏవో వెతికి సరిచేసే పని అది. చదివిస్తూ, సరిచేస్తూ, మళ్లీ మొదటినుంచి చదివించాను. పదకొండున్నరకు సిస్టమ్ లేచింది.

ఎక్కువ రాతలు రాస్తే పెన్‌డ్రైవ్ త్వరగా అరిగిపోతుంది. అందుకని ఆ అమ్మాయి సిస్టమ్ రాసుకునే దినచర్యంతా ఆపేసింది. ఏ రోజు ఏ మెషీన్ మీద ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి మూసింది, అవి మాత్రం ఉంచింది. పదకొండు నెలలవి. ఆఖరి రోజు చివరి నాలుగు వరుసలు ఇవి. ఇంట్లో పొద్దున మూసింది ఎనిమిదిన్నరకు. ప్రెస్సులో మొదలైంది ఎనిమిదీ ఇరవై ఐదుకు. మధ్యాహ్నం ఒంటిగంటకు మూసింది. ఒంటిగంటా ముప్పై రెండుకు మళ్లీ మొదలైంది. అంతే. ఆ తర్వాత మూసినట్టు లేదు, మళ్లీ మొదలైనట్టూ లేదు.

"చూడండి," అన్నాను. "మధ్యాహ్నం ప్రెస్సులో మొదలైన సిస్టమ్ మూతపడకుండానే ఆరూ ఇరవై ఐదుకు చీటీ రాసింది. చీటీ ఇంట్లో పుట్టలేదు. ప్రెస్సులో పుట్టింది. ఇంట్లో కంప్యూటర్‌కు దీన్ని ఎవరో ఊరికే గుచ్చి పోయారు."

ఇన్‌స్పెక్టర్ ముఖంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. తర్వాత నవ్వాడు.

"పుట్టనీ. ఆఫీసులో రాసుకుని ఇంటికొచ్చి చచ్చింది. యజమాని ఐదున్నరకు పంపేశానన్నాడు, గంట పొరపాటు పడ్డాడేమో. ఆరూ ఇరవై ఐదుకు ఆయన ఎక్కడున్నాడో తెలుసా? వర్తకుల సమావేశంలో, నా పక్క కుర్చీలో. ఐదూ ముప్పావు నుంచి ఆరున్నర దాకా. నాకంటే మంచి సాక్షిని తెస్తావా?"

కానీ ఎనిమిదిన్నరకు మూసినది ఎనిమిదీ ఇరవై ఐదుకు ఎలా మొదలైందన్నది నా బుర్రలో జోరీగలా తిరుగుతోంది. వెనక రోజులు చూశాను. ప్రతిరోజూ అంతే. పదకొండు నెలలుగా ఆ పిల్ల రోజూ పొద్దున కాలంలో ఐదారు నిమిషాలు వెనక్కి నడిచి ఆఫీసుకు పోతోంది.

పన్నెండుంబావుకు అక్కను చూడనిచ్చారు. రెండు రోజులుగా నిలబెట్టే ఉంచారు. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు, చేత్తో పట్టుకుని ఉంది.

"పొద్దున కొట్టారా?" అన్నాను.

"కొట్టాను అన్నయ్యా."

"ఎందుకు?"

"ప్రెస్సులో ఏదో అన్యాయం జరుగుతోందని, కార్మికుల ఆఫీసులో అర్జీ పెడతానని అంది. ఆ ప్రెస్సులోనే దాని వేళ్లు రెండు పోయాయి, కటింగ్ మెషీన్‌లో. కుడిచెయ్యి, చిటికెన వేలూ దాని పక్కదీ. అప్పుడే నోరెత్తలేదు, ఇప్పుడెందుకే, ఉన్న పని పోగొట్టుకుంటావా అన్నాను. ఎదురు చెప్పింది. చెయ్యి లేచింది."

"వేళ్లు లేకుండా టైపు ఎలా చేసేది?"

"మీటలన్నీ తనకు వీలుగా మార్చుకుంది. కుడిపక్కవి ఎడమకు తెచ్చుకుంది. ఆఫీసు కంప్యూటర్లో మార్చనివ్వలేదని తన సిస్టమ్ తనే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంది, వేళ్లు పోయాయని దానికి మాత్రం ఒప్పుకున్నారు. ఒకసారి నేను మందుల చీటీ కొడదామని కూర్చుంటే ఒక్క అక్షరం తిన్నగా పడలేదు. పడీపడీ నవ్వింది."

చీటీ ఉందని ఆమెకు చెప్పారు కానీ అందులో ఏముందో ఎవరూ వినిపించలేదు. నేను వినిపించాను. అబద్ధం చెప్పేవాళ్ల ముఖం కాగితం చదువుతున్నప్పుడు ఒక రకంగా ఉంటుంది, అది చూద్దామని. మూడు వాక్యాలూ మెల్లగా చదివాను. ఆమె ముఖంలో అబద్ధం లేదు. ఇంకేమీ కూడా లేదు. చెప్పులు కింద పెట్టి గోడకానుకుంది.

"పొద్దున కొట్టిన సంగతి మీరెవరికైనా చెప్పారా?"

"నేనెవరికి చెబుతాను? అది చెబితే ఒక్క మనిషికే చెబుతుంది. దాని పక్క సీటు ప్రూఫ్ రీడరు. అన్నం కూడా ఇద్దరూ ఒకే డబ్బాలో తినేవాళ్లు."

ప్రెస్సు గేటు దగ్గర జీపు ఆగేసరికి ఒంటిగంటా ఇరవై. గేటు గదిలో గోడ గడియారం చూసి చెబుతున్నాను. గేటు మనిషి ఫోన్లు, చేతి గడియారాలు అడిగి తీసుకుని చెక్క గూట్లో పెట్టాడు. లోపల పరీక్ష పేపర్లు అచ్చవుతున్నాయి, ఎవరికైనా ఇదే నియమమట. ఇన్‌స్పెక్టర్ అలవాటైనవాడిలా తన గడియారం విప్పి ఇచ్చాడు. అలవాటు ఎప్పటిదో నేను అడగలేదు.

గేటు పుస్తకం తిరగేశాను. మొన్నటి వరుసలో ఆ అమ్మాయి పేరు ఎదుట లోపలికొచ్చిన టైము, సంతకం ఉన్నాయి. వెళ్లిన టైము ఐదున్నర అని ఉంది. సంతకం లేదు.

"ఇది నువ్వే రాశావా?"

"అయ్యగారు రాశారు సార్," అన్నాడు గేటు మనిషి. "ఆ రోజు నన్ను తొందరగా ఇంటికి పొమ్మన్నారు. ఆరూ నలభైకే పోయాను."

వసారా దాటి పనిగదిలోకి వెళ్లాం. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. పదకొండు కంప్యూటర్లు, పదకొండు వంగిన మెడలు. గోడ మీద పెద్ద గడియారం. పన్నెండూ నలభై ఏడు.

నేను అక్కడే నిలబడిపోయాను. దగ్గర్లో ఉన్న ఒక కంప్యూటర్ మూలకు చూశాను. పన్నెండూ నలభై ఏడు. దాని పక్కది, ఆ పక్కది, అన్నీ అంతే. పేపర్లు బయటికి పోతాయని వీటికి నెట్ లేదు, టైము సరిదిద్దే నాథుడు లేడు. వెనక్కి తిరిగి గేటు దగ్గరకు పోయాను.

"నీ గడియారం తప్పా, లోపలిది తప్పా?"

గేటు మనిషి అటూ ఇటూ చూశాడు. "రావడానికి నా గడియారం సార్. పోవడానికి అయ్యగారి గడియారం."

"ఎన్నాళ్లుగా?"

"నేను చేరినప్పటి నుంచీ. ముప్పై ఐదు నిమిషాలు. అందరికీ తెలుసు. ఎవరంటారు?"

ఆలస్యం పట్టుకోవడానికి సరైన గడియారం, వదిలిపెట్టడానికి వెనకబడ్డ గడియారం. దొంగతనాలు చాలా చూశాను కానీ, ఇంత ఓపిగ్గా, రోజూ అరగంట పైన, నలభై మంది దగ్గర, వాళ్ల కళ్లెదుటే చేసే దొంగను చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ అమ్మాయి దినచర్యలో టైములు మాత్రం ఎందుకు ఉంచిందో కూడా అప్పుడే అర్థమైంది. పదకొండు నెలల సాక్ష్యం అది.

పనిగది వెనక గోదాములోకి దిగే మెట్లున్నాయి. పదహారు, సిమెంటువి. పై పదమూడు నల్లగా జిడ్డోడుతున్నాయి. కింది మూడు తెల్లగా ఉన్నాయి. వంగి వాసన చూస్తే యాసిడ్.

"ఇంటి మెట్ల దగ్గర నెత్తురు ఎంతుంది?" అని ఇన్‌స్పెక్టర్‌ని అడిగాను.

"పెద్దగా లేదు."

"తల పగిలింది కదా, ఎక్కడికి పోయిందని మీరు అడగలేదా?"

"నాకు పాఠాలు చెప్పకు," అన్నాడు. కానీ ఆ తెల్లటి మెట్ల మీంచి చూపు తిప్పలేదు.

యజమాని అరవై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన గొంతు. మమ్మల్ని చూసి కుర్చీలు వేయించాడు. పాపం అమ్మాయి అని మూడుసార్లు అన్నాడు. మూడుసార్లూ ఒకేలా అన్నాడు.

"ఐదున్నరకు తలనొప్పి అంటే పంపేశానండి. తర్వాత నేను సమావేశానికి వెళ్లాను. సార్‌కు తెలుసు."

"తిరిగెప్పుడు వచ్చారు?"

"ఆరూ నలభైకి. అప్పటికి అందరూ పోతున్నారు."

"ఎవరి గడియారంలో ఆరూ నలభై?"

ఆయన ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు.

పనిగదిలో ఉన్నవాళ్లను బయటికి పంపించి, నేను నకలు డ్రైవ్ తీసి ఆ అమ్మాయి మెషీన్‌కు తగిలించాను. సిస్టమ్ లేచింది. తెర మూల టైము పడింది. ఒంటిగంటా పది. ఇన్‌స్పెక్టర్‌ని పిలిచి చూపించాను.

"పొద్దున మీ స్టేషన్లో తగిలిస్తే మీ టైము చూపించింది. ఇక్కడ తగిలిస్తే ఈయన టైము చూపిస్తోంది. పెన్‌డ్రైవ్‌కు సొంత గడియారం ఉండదు. ఏ మెషీన్‌కు పెడితే దాని టైమే దీని టైము. చీటీ రాసింది ఈ మెషీన్ మీద, ఆరూ ఇరవై ఐదుకు. దానికి ముప్పై ఐదు కలపండి."

ఇన్‌స్పెక్టర్ వేళ్ల మీద లెక్కపెట్టాడు.

"ఏడు," అన్నాను. "ఏడింటికి మీ పక్క కుర్చీ ఖాళీ. అప్పటికి పనివాళ్లు వెళ్లిపోయారు, గేటు మనిషిని పంపేశారు. ఈయన ఇక్కడే ఉన్నాడు. అమ్మాయి కూడా ఇక్కడే ఉంది."

"గడియారం కాస్త వెనకబడితే నేరమా?" అన్నాడు యజమాని. గొంతు ఇంకా నెమ్మదిగానే ఉంది. "ఆ పిల్లే రాసుకుని ఉంటుంది. నాకు అసలు టైపే సరిగ్గా రాదు."

"అది నిజమే. ఒక్క వాక్యం కొట్టండి."

కొట్టాడు. తెర మీద పిచ్చిగీతల్లా అక్షరాలు పడ్డాయి. చెరపబోయాడు. కుడివైపు పైనున్న మీట నొక్కితే ఏమీ జరగలేదు. ఇంకో నాలుగుసార్లు నొక్కాడు. వేళ్లు లేని పిల్లకు ఆ మీటతో పనేముంది?

"చూశారా," అన్నాడు ఊపిరి పీల్చుకుని. "ఇందులో దానికి తప్ప ఎవరికీ రాదు. కాబట్టి అదే రాసింది."

ఇన్‌స్పెక్టర్ నావైపు తిరిగాడు. "ఇప్పుడేమంటావు స్క్రూడ్రైవర్?"

ఆ మాటకోసమే ఆగాను. "పక్క సీటు ఆవిడను పిలవండి."

ప్రూఫ్ రీడరుకు ముప్పై ఏళ్లుంటాయి. రెండు రోజులుగా ఏడ్చినట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆ ఏడుపు దొంగది కాదు, అది ముందే చెప్పాలి.

"మీ ఇద్దరూ స్నేహితులట."

"మూడేళ్లు సార్. చెల్లెలు లాంటిది."

"పొద్దున అక్క కొట్టిందని మీకు చెప్పిందా?"

"చెప్పింది. అన్నం తినేటప్పుడు."

"అర్జీ పెడతానని కూడా?"

ఆవిడ యజమాని వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి మెడ బిగపట్టింది. "గుర్తులేదు సార్."

"దాని సిస్టమ్‌లో టైపు చేయడం మీకు వచ్చా?"

"రాదు. దానికొక్కదానికే వచ్చు."

"కూర్చోండి. వచ్చినట్టే కొట్టండి. నేను చెబుతాను."

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆమె మామూలు కీబోర్డు మీద కొట్టినట్టే కొట్టింది. తెర మీద చెత్త పడింది. ఆమె చెత్త చూసి తల ఊపింది. రాదన్నానుగా అన్నట్టు. నేను ఆపలేదు. చిన్న వాక్యాలు, పెద్ద వాక్యాలు, ఆఫీసు ఉత్తరాలు, పేపర్లో ప్రకటనలు, వరసగా చెబుతూనే పోయాను. పది నిమిషాలు. పదిహేను. ఇన్‌స్పెక్టర్ విసుగ్గా లేచి కిటికీ దగ్గరకు పోయాడు. యజమాని కాలు మీద కాలు వేసుకున్నాడు. ప్రూఫ్ రీడరు బతుకంతా తప్పులు పట్టే పని. తప్పు కనబడితే చెయ్యి ఊరుకోదు. నేను ఒక పదం చెప్పి, "కాదు కాదు, అది తీసేయండి," అన్నాను ఉన్నట్టుండి.

ఆమె ఎడమచేతి చిటికెన వేలు పక్కకు జరిగి ఎడమ అంచునున్న మీట మీద నాలుగుసార్లు తట్టింది. ఆ పదం చెరిగిపోయింది.

ప్రపంచంలో ఎవరైనా చెరపాలంటే చెయ్యి కుడివైపు పైకి పోతుంది. ఆ మీటతో ఎడమవైపు చెరిపేవాళ్లు ఇద్దరే ఉండేవాళ్లు. ఆమె తన వేలి వంక చూసుకుంది, అది తనది కానట్టు.

సరిగ్గా అప్పుడు యజమాని లేచాడు. రెండడుగుల్లో మెషీన్ దగ్గరకొచ్చి, నడుస్తున్న డ్రైవ్‌ను పట్టి లాగేశాడు. తెర నల్లబడింది.

"మొన్న కూడా ఇలాగే పీకారా?" అన్నాను. "అది నకలండీ. అసలుది సార్ జేబులో సీలుతో ఉంది."

ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. ఈ ఇన్‌స్పెక్టర్ మీద నాకు ఎంత కోపమున్నా ఒకటి ఒప్పుకోవాలి, ఆ చెయ్యి మెత్తగా పట్టుకోలేదు.

ప్రూఫ్ రీడరు కీబోర్డు మీదనుంచి చేతులు తీయలేదు. అలాగే చెప్పడం మొదలుపెట్టింది. అర్జీ సంగతి అయ్యగారికి తనే చెప్పింది. మంచి మాటతో మాన్పిస్తాడని అనుకుందట, తన పని కూడా పోతుందని భయపడిందట. సాయంత్రం ఇద్దర్నీ ఉండమన్నాడు. బయటి టైము ప్రకారం ఆరూ ముప్పావుకు ఆ పెన్‌డ్రైవ్ ఇవ్వమన్నాడు. ఆ అమ్మాయి మెషీన్‌కు అడ్డంగా నిలబడింది. చెయ్యి పట్టి మెట్ల దాకా లాగి తోశాడు.

"నేను అరిచాను సార్. ఆయన నా నోరు మూసి, నువ్వే చెప్పావు, నువ్వూ ఇందులో ఉన్నావు అన్నాడు. చచ్చిపోయింది, ఇక చేసేదేం లేదు, మనమైనా బతకాలి అన్నాడు. ఏం రాయాలో అడిగాడు. దాని ఇంట్లో ఏం గొడవలున్నాయని అడిగాడు. పొద్దున సంగతి చెప్పాను. ఎనిమిది దాటాక దాన్ని కారులో వేసుకుపోయి ఇంటి వెనక మెట్ల కింద పడేశాడు, అక్క ముందు గదిలో ఉండగానే పెన్‌డ్రైవ్ వెనక గదిలో కంప్యూటర్‌కు గుచ్చి వచ్చాడు."

"చచ్చిపోయిందని మీరు నమ్మారు."

ఆమె మీటల వైపే చూస్తోంది.

డాక్టరు కాగితం నా జేబులో ఉంది. తీయకపోయినా పోయేది. తీశాను. "ప్రాణం పోయింది ఏడూ ముప్పావుకు. మీరు ఏడింటికి టైపు చేశారు. ఆసుపత్రి ఇక్కడికి పది నిమిషాలు. మీకది తెలియదు కదా?"

"తెలుసు," అంది.

"ఎలా?"

"కిందనుంచి పిలిచింది. నేను మూడో వాక్యం కొడుతున్నప్పుడు. ఆయన తలుపు మూసేశాడు. మూసినా వినబడింది."

"ఏమని పిలిచింది?"

"అక్కా అని. నన్ను కాదు సార్, నన్ను పేరు పెట్టి పిలుస్తుంది. వాళ్ల అక్కను."

ఇన్‌స్పెక్టర్ యజమాని బల్ల మీది ఫోను ఎత్తి స్టేషనుకు చేశాడు. అక్కను వదిలేయమని చెప్పి, అవతల మాట వింటూ నిలబడ్డాడు. ఫోను పెట్టేశాక కూడా కాసేపు దాని మీదే చెయ్యి ఉంచాడు.

"సంతకం పెట్టేసిందట."

"దేని మీద?"

"నేనే చంపాను అని. రెండు రోజులు నిలబెట్టినా పెట్టలేదు. నువ్వు చీటీ చదివి వినిపించి పోయాక తనే కాగితం అడిగిందట. అది అలా రాసిందంటే నేనే చంపినట్టు కదా అందట."

ఆయన అది దెప్పడానికి అనలేదు. దెప్పినా పడాల్సిందే.

మేం తిరిగి వచ్చేసరికి మూడున్నర. ఆ కాగితాన్ని ఇన్‌స్పెక్టరే నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. అక్కను కుర్చీలో కూర్చోబెట్టారు, రెండు రోజుల తర్వాత మొదటిసారి. జరిగింది చెప్పాను. చీటీ చెల్లెలు రాయలేదని చెప్పినప్పుడు ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అయితే అదేమీ అనలేదా అన్నయ్యా, ఆఖరికి?"

చెప్పకుండా ఉండొచ్చు. మంచివాడైతే ఉండేవాడేమో. కానీ ఆమె చెల్లెలి పేరుతో ఒక అబద్ధం నేనే చదివి వినిపించాను, అది చెరిపే మాట నా దగ్గర ఇదొక్కటే ఉంది.

"నిన్నే పిలిచింది," అన్నాను. "అక్కా అని."

"ఎన్నింటికి?"

"ఏడింటికి."

ఆమె వాచిన పాదాల వైపు చూస్తూ లెక్కపెట్టుకుంది.

"ఏడింటికి బస్సులో ఉన్నాను," అంది. "ఆ రోజు కూర్చోడానికి సీటు దొరికింది."